నాకు సోకింది ఏమిటో చెప్పండి

మా బీరువా మీద ఒక బట్టల షాపు సంచి ఉంటుంది. పద్నాలుగు నెలల డాక్టర్ల చీటీలన్నీ అందులోనే. మూడు స్కానింగ్ రిపోర్టులు, ఐదు మూత్ర పరీక్షల కాగితాలు, మందుల షాపు బిల్లులు. మొన్న ఆదివారం అవన్నీ మంచం మీద పరిచి తేదీల వారీగా సర్దాను. చీటీలు తొమ్మిది. అన్నిటిలో మందుల పేర్లున్నాయి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని గీతలున్నాయి. జబ్బు పేరు రాయాల్సిన చోట రెండింటిలో 'పెయిన్ అబ్డామిన్', అంటే కడుపు నొప్పి, అని ఉంది. అది నేను వాళ్లకు చెప్పుకున్న మాటే, ఇంగ్లిషులోకి మారింది అంతే. మిగతా ఏడింటిలో ఆ జాగా ఖాళీ. నోటితో మాత్రం తొమ్మిదిసార్లూ ఒకే మాట చెప్పి పంపారు: "ఇన్ఫెక్షన్ ఉందమ్మా, మందులు వాడండి."

ఏ ఇన్ఫెక్షన్? ఎక్కడ? ఎట్లా తెలిసింది? ఈ మూడు ప్రశ్నలు అడగడానికి నాకు ఏడాది పైనే పట్టింది. నేను లెక్కల టీచర్ని. స్టెప్పులు లేకుండా జవాబు మాత్రమే రాస్తే పిల్లలకు మార్కులు వేయను. అలాంటి జవాబును నా ఒంటి విషయంలో తొమ్మిదిసార్లు తీసుకున్నాను.

నొప్పి పోయినేడు శ్రావణంలో మొదలైంది. బొడ్డుకు నాలుగు వేళ్ల కింద, కొంచెం ఎడమకు. లోపల ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉండేది. కూర్చుంటే ఎక్కువ, నడిస్తే కాస్త నయం. నల్గొండ నుంచి మునుగోడు వైపు ఉన్న మా స్కూలుకు బస్సులో గంట ప్రయాణం. దిగేసరికి సీటు పట్టుకొని లేవాల్సి వచ్చేది. మూత్రానికి వెళ్లొచ్చాక పావుగంట మంట. భర్తతో కలిసిన తర్వాత రెండు రోజులు కాలు కదిపితే నొప్పి. ఈ చివరి మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. డాక్టర్లలో ఎవరూ దాని గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ కూడా దాచుకుంటే ఇంత రాసి లాభం లేదు.

ఇంట్లో అందరి దగ్గరా జవాబులున్నాయి. అమ్మ అచ్చంపేట నుంచి ఫోన్లో, "వేడి చేసింది బిడ్డా, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగు" అన్నది. అత్తమ్మ ఫ్లోరిన్ నీళ్లన్నది. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లల్లో రెండు మూడు తరాల నడుములు వంగిపోవడం కళ్లతో చూసినవాళ్లం. మా అత్తమ్మ మెడ ఇప్పటికీ పూర్తిగా తిరగదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఆ బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారంటే ఇక్కడి బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు. అందుకే ఇక్కడ ఏ నొప్పి వచ్చినా ముందు నీళ్లనే అంటారు. కానీ ఫ్లోరైడ్ పట్టేది ఎముకలనూ కీళ్లనూ పళ్లనూ. మూత్రంలో మంట దానివల్ల రాదు. పైగా నేను పెళ్లయ్యాకే ఈ వైపు వచ్చాను. అత్తమ్మ నొప్పికి అది సరైన జవాబు. నా నొప్పికి కాదు.

తర్వాత ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, ఐదు రోజుల గోలీలు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. అప్పుడు టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. స్కానింగ్ తీశారు. రిపోర్టులో చివరి గీత: 'మినిమల్ ఫ్రీ ఫ్లూయిడ్'. డాక్టరమ్మ దాని మీద పెన్నుతో సున్నా చుట్టి, "చూశారా, గర్భసంచి పక్కన నీరుంది, ఇన్ఫెక్షన్" అన్నది. ఆ మాట విని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. లోపల చీము పట్టిందనుకున్నాను. నెల మధ్యలో అండం విడుదలయ్యేటప్పుడు ఏ జబ్బూ లేని ఆడవాళ్లలో కూడా అక్కడ కొద్దిగా నీరు చేరుతుందని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. నా స్కానింగ్ తేదీ చూసుకుంటే నెలసరి అయిన పదిహేనో రోజు.

ఆ ఒక్క స్కానింగుతోనే నాకు ఏడు రోజుల కోర్సు వచ్చింది. అది అయ్యాక ఇంకో చోట ఐదు రోజుల కోర్సు, మళ్లీ ఏడు.

నా వాదన ఏమిటో సూటిగా చెప్పాలి. అనుమానం మీద మందు ఇవ్వడం తప్పని నేను అనను. గర్భసంచికి, దానికి అటూ ఇటూ ఉండే గొట్టాలకు ఇన్ఫెక్షన్ సోకే జబ్బు ఒకటుంది. ఇంగ్లిషులో పిఐడి అంటారు. క్లమీడియా, గనేరియా లాంటి సూక్ష్మజీవుల వల్ల రావచ్చు. కాన్పు తర్వాతో, అబార్షన్ తర్వాతో, కాపర్-టి వేయించుకున్న తొలి మూడు వారాల్లోనో రావచ్చు. దాన్ని రుజువు చేసే ఒక్క పరీక్ష అంటూ లేదు. స్కానింగ్ మామూలుగా ఉన్నంత మాత్రాన లేదని చెప్పలేం. ఆలస్యం చేస్తే గొట్టాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవచ్చు, గర్భం గొట్టంలోనే నిలబడి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని వయసులో ఉన్న ఆడమనిషికి పొత్తికడుపు నొప్పి ఉండి, లోపల చెయ్యి పెట్టి చూసినప్పుడు గర్భసంచి ముఖద్వారం కదిపితేనో, గర్భసంచిని నొక్కితేనో నొప్పి పెడితే, వేరే కారణం కనబడకపోతే, రిపోర్టుల కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. ప్రపంచమంతా డాక్టర్లు పాటించే పద్ధతి ఇదే.

అయితే అందులో 'లోపల చెయ్యి పెట్టి చూసినప్పుడు' అన్నది కూడా ఉంది. నన్ను తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ అలా చూడలేదు. ఐదుగురు డాక్టర్లలో ముగ్గురు కనీసం పొట్ట మీద కూడా చెయ్యి వేయలేదు. ఇంకో మాట. ఆ జబ్బుకు కోర్సు 14 రోజులు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. సుఖవ్యాధులకూ జననేంద్రియ ఇన్ఫెక్షన్లకూ అక్కడ రంగుల వారీగా మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. పొత్తికడుపు నొప్పికి ఇచ్చేది ఆరో నంబరు, పసుపు రంగు కిట్. అందులో సెఫిక్సిమ్ ఒక్క మోతాదు, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ 14 రోజులకు ఉంటాయి. నేను ఏడాదిలో వాడినవి ఐదేసి, ఏడేసి రోజుల కోర్సులు ఆరు. నాకు నిజంగా ఆ జబ్బే ఉండి ఉంటే ఆరుసార్లూ సగం వైద్యమే జరిగేది. లేకపోయి ఉంటే ఆరుసార్లూ అక్కర్లేని మందు మింగాను. రెండు లెక్కల్లోనూ నేనే నష్టపోయాను.

ఊరికే మింగిన మందు కూడా ఊరికే పోదు. మూడో కోర్సుకు నోరంతా ఇనుప రుచి, అన్నం సయించదు. నాలుగో కోర్సు తర్వాత కింద దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట. యాంటీబయాటిక్స్ మంచి సూక్ష్మజీవులను కూడా చంపేస్తే ఆ జాగాలో ఫంగస్ పెరుగుతుంది. నాకు అది తెలియదు. నేను పోయి చెబితే "చూశారా, ఇన్ఫెక్షన్ ఇంకా పోలేదు" అని ఐదో కోర్సు రాశారు.

మన భాషలో 'సోకడం' అనే మాట గమనించండి. రోగం సోకింది అంటాం. గాలి సోకింది, దయ్యం సోకింది అని కూడా అంటాం. మా అమ్మమ్మ కాలంలో ఆడమనిషికి అంతుపట్టని కడుపునొప్పి వస్తే గాలి సోకిందనే అనేవారు. ఇప్పుడు ఇన్ఫెక్షన్ సోకింది అంటున్నాం. నిజానికి సూక్ష్మజీవికి పేరుంటుంది, అది ఉండే చోటుంటుంది, దాన్ని పట్టుకునే పరీక్ష ఉంటుంది. అవేవీ అడగకుండా వాడితే ఈ రెండు మాటలకూ తేడా ఏముంది? మా అచ్చంపేట వైపు దయ్యం వదిలించేవాడు కూడా వేపమండ ఎత్తే ముందు "ఎవరు నువ్వు, ఏ ఊరు నీది?" అని అడుగుతాడు. నా కడుపులో ఉన్నదాన్ని ఎవరూ ఏడాదిపాటు ఆ మాట అడగలేదు.

అడగడం అంత కష్టం కూడా కాదు. మూత్ర పరీక్ష సంగతే తీసుకోండి. నా ఐదు రిపోర్టుల్లో నాలుగింటిలో 'పస్ సెల్స్ 6-8' అని ఉంది. పస్ అంటే చీము కాబట్టి మూత్రంలో చీము పోతోందని నేను, మా ఆయన హడలిపోయాం. అదే కాగితంలో కింది గీతలో 'ఎపిథీలియల్ సెల్స్ ఎక్కువ' అని కూడా ఉంది. అవి చర్మం నుంచి వచ్చి కలిసే కణాలు. అవి ఎక్కువ ఉన్నాయంటే డబ్బాలో పడింది శుభ్రంగా పట్టిన మూత్రం కాదని అర్థం. ఎట్లా పట్టాలో ఎవరు చెప్పారు? ల్యాబులో చిన్న డబ్బా చేతిలో పెట్టి, గొళ్లెం లేని బాత్రూం చూపించారు. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో డబ్బా, పంటి కింద చీర కుచ్చిళ్లు. కింద నీళ్లతో కడుక్కోవాలని, మొదటి ధార వదిలేసి మధ్యధార పట్టాలని, డబ్బా అంచు ఒంటికి తగలకూడదని, రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలని నాకు చెప్పి ఉంటే నాలుగు కోర్సులు తప్పేవేమో. అసలు ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చేది కల్చర్ పరీక్ష. సూక్ష్మజీవి పెరిగితే దాని పేరు, ఏ మందుకు లొంగుతుందో కూడా అందులోనే వస్తుంది. రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. మధ్యలో ఇస్తే ఏమీ పెరగకపోవచ్చు. నాకు మొదటి ఏడాదిలో ఒక్క కల్చర్ కూడా రాయలేదు.

పదోసారి నల్గొండలోనే ప్రభుత్వ దవాఖానకు వెళ్లాను. ఎవరో సలహా ఇచ్చి కాదు, డబ్బులు అయిపోయి. పొద్దున ఎనిమిదిన్నరకు చీటీ రాయించుకుంటే పదకొండున్నరకు పిలిచారు. ఆ డాక్టరమ్మకు ముప్పై కూడా ఉండవేమో. నా సంచి చూసి, "కాగితాలు తర్వాత చూద్దాం. ఎక్కడ నొస్తుందో ఒక్క వేలితో చూపించండమ్మా" అన్నది.

నేను అరచేయి పెట్టాను.

"చెయ్యి కాదు, వేలు."

నేను వేలు పెట్టిన చోట ఆమె వేలు పెట్టి, పడుకున్నదాన్ని తల ఎత్తమన్నది. పొట్ట గోడలో నొప్పయితే తల ఎత్తినప్పుడు ఎక్కువవుతుందట. నాకు ఎక్కువ కాలేదు. రెండు ఆపరేషన్ కాన్పుల కుట్టు పొడుగునా వత్తి చూసింది. మన రాష్ట్రంలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే కాబట్టి ఈ పరీక్ష ఇక్కడ చాలామందికి అవసరం. కుట్టు దగ్గర నరం చిక్కుకున్నా, కుట్టులో గర్భసంచి పొర కణాలు పెరిగినా పొత్తికడుపు నొప్పే వస్తుంది. తర్వాత ఏం చేయబోతుందో ముందే చెప్పి, సిస్టర్‌ను పక్కన నిలబెట్టి, లోపల చూసింది. దూదిపుల్లతో శాంపిల్ తీసింది. గర్భసంచి ముఖద్వారం కదిపింది. నొప్పి లేదు. పైనుంచి గర్భసంచిని నొక్కింది. లేదు. అండాశయాల వైపు. లేదు. అప్పుడు వేలిని ఎడమ పక్క గోడకు, కొంచెం కిందికి తిప్పి నెమ్మదిగా ఆనించింది. "అదే, అదే" అని అరిచాను. ఏడాదిగా నన్ను పిండుతున్నది అక్కడే ఉంది. ఎవరో ఒకరు దాన్ని ముట్టుకున్నారు. ఏడుపు ఆగలేదు. నొప్పికి కాదు.

"ఇది గర్భసంచి కాదమ్మా, కండరం" అన్నది. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలద్వారాన్ని కింది నుంచి జోలెలాగా మోసే కండరాలుంటాయట. "రాత్రిపూట పిక్క పట్టేస్తది చూడండి, అట్లనే ఇది పట్టేసింది. రోజులో ఎన్నిసార్లు మూత్రానికి పోతారు?"

పొద్దున ఏడున్నరకు ఇంట్లో వెళితే మళ్లీ సాయంత్రం ఐదున్నరకు ఇంట్లోనే. స్కూల్లో టాయిలెట్ ఉంది కానీ గొళ్లెం లేదు, నీళ్లు ఒకరోజు వస్తే రెండు రోజులు రావు. అందుకని మధ్యాహ్నం దాకా నీళ్లు తాగను. పన్నెండేళ్ల సర్వీసులో ఇదే అలవాటు. నాకు తెలిసిన టీచర్లలో సగం మందికి, పత్తి చేన్లో కూలికి పోయే ఆడవాళ్లలో దాదాపు అందరికీ ఇదే అలవాటు. మూత్రం ఆపుకోవడానికి ఏ కండరాన్ని బిగబడతామో అదే ఇది. నొప్పి వచ్చాక భయంతో ఇంకా బిగబడతాం. ఇదొక్కటే కారణమని ఆమె అనలేదు. మొదట్లో నిజంగానే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, అది తగ్గినా కండరం పట్టు వదలకపోయి ఉండవచ్చన్నది. వారం రోజులు ఏ యాంటీబయాటిక్ లేకుండా ఆపి, అప్పుడు కల్చర్ పంపింది. ఏమీ పెరగలేదు. దూదిపుల్ల శాంపిల్లో ఫంగస్ వచ్చింది, దానికి మందిచ్చింది. చీటీలో జబ్బు పేరు రాసింది. పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. దాని కింద 'ఎండోమెట్రియోసిస్?' (గర్భసంచి పొరలాంటి కణాలు దాని బయట పెరిగే జబ్బు) అని రాసి, "మూడు నెలల్లో తగ్గకపోతే దీని గురించి ఆలోచిద్దాం, హైదరాబాద్ పంపిస్తా" అన్నది.

ఆ ప్రశ్నార్థకం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. తెలియనిది తెలియదని రాసిపెట్టిన మొదటి మనిషి ఆమె. మిగతా చోట్ల 'ఇన్ఫెక్షన్' అన్న మాటలో ఎప్పుడూ అనుమానం వినిపించలేదు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. కండరాన్ని వదులు చేసే శ్వాస వ్యాయామాలు నేర్చుకోవడానికి ఫిజియోథెరపీకి రెండుసార్లు హైదరాబాద్ పోయాను. కాన్పు తర్వాత చేయమనే బిగించే వ్యాయామాలు నాలాంటి వాళ్లకు నొప్పి పెంచవచ్చట, అవి మానేశాను. మూడు గంటలకోసారి తప్పకుండా మూత్రానికి పోవడం, రాత్రి వేడినీళ్ల సంచి, తక్కువ మోతాదులో ఒక గోలీ. ఐదు నెలలకు పదిలో ఎనిమిది ఉన్న నొప్పి మూడుకు వచ్చింది. పూర్తిగా పోలేదు. పరీక్ష పేపర్లు దిద్దే వారంలో మళ్లీ ఐదు దాకా పోయింది.

ఇదంతా చదివి 'అయితే ఇన్ఫెక్షన్ కాదన్నమాట, కండరమే' అని ఎవరైనా తమకు తాము తీర్పు చెప్పుకుంటారేమోనని నాకు భయం. అందుకే ఇంకొక సంగతి. మాతో పనిచేసిన ఒక మేడంకు రెండేళ్లు ఇట్లాంటి నొప్పే. నెలసరి తగ్గిపోయింది, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, పిల్లలు కాలేదు. "టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి పంపారు. చివరకు గర్భసంచి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే క్షయ. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం. గర్భసంచికీ గొట్టాలకూ వస్తుంది, మన దేశంలో పిల్లలు పుట్టకపోవడానికి అది ఒక ముఖ్యమైన కారణం. దగ్గు ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మందులు ఆరు నెలలు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆమెది నిజమైన ఇన్ఫెక్షన్. ఆమెను లేదన్నారు. నాకు లేనిదాన్ని ఉందన్నారు. ఇద్దరికీ జరిగిన తప్పు ఒక్కటే, ఎవరూ వెతకలేదు.

మా వదినకు జరిగింది అన్నిటికన్నా పెద్దది. మా అన్న భార్య, అచ్చంపేట దగ్గర ఊళ్లో ఉంటుంది. ముప్పై ఒకటో ఏట తెల్లబట్ట, నడుము నొప్పి అని పోతే "గర్భసంచి మూతికి పుండయింది, ఇట్లనే ఉంటే క్యాన్సర్ అయితది" అన్నారు. పుండు అని చూపించేది చాలాసార్లు గర్భసంచి మూతి లోపలి ఎర్రటి పొర బయటికి కనబడటమే. వయసులో ఉన్న ఆడవాళ్లలో అది మామూలు విషయం. ముక్క పరీక్ష లేదు, గర్భసంచి మూతి క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ టెస్ట్ లేదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ముప్పై మూడుకే ఒళ్లంతా ఆవిర్లు, నలభైకి ఎముకలు గుల్లబారాయి. నడుము నొప్పి ఎక్కడికీ పోలేదు. "ఉన్న నొప్పి ఉండనే ఉంది, లేని నొప్పులు నాలుగొచ్చినయి వదినా" అంటుంది నాతో.

ఆమె ఒక్కతే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో అది నూటికి ఎనిమిది. మన ఆడవాళ్ల గర్భసంచులకే అన్ని జబ్బులు ఎందుకొస్తాయి? అనవసరంగా గర్భసంచి తీయకుండా 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కోర్టు దాకా పోయిన ఈ కథకు మొదలు ఎక్కడుందంటే, నాకు తొమ్మిదిసార్లు చెప్పిన ఆ పేరు లేని ఇన్ఫెక్షన్లోనే ఉందని నా నమ్మకం. మొదట గోలీలు. గోలీలతో తగ్గకపోతే ఇంకో రకం గోలీలు. వాటితోనూ తగ్గకపోతే, ఇక తీసేయడమే. మధ్యలో ఎక్కడా 'మన అంచనా తప్పేమో' అనే మెట్టు లేదు.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. ఒక్కో ఓపీలో వందమంది, మనిషికి మూడు నిమిషాలు. లోపల పరీక్ష చేస్తామంటే వద్దనే ఆడవాళ్లే ఎక్కువ. క్లమీడియాను పట్టే పరీక్ష జిల్లాల్లో అంత తేలిగ్గా దొరకదు. పరీక్షలు రాస్తే 'డబ్బుల కోసం రాశారు' అని మనమే అంటాం. సూది వేయకపోతే మంచి డాక్టర్ కాదని మా ఊళ్లల్లో ఇప్పటికీ అనుకుంటారు. ఇవన్నీ నిజాలే. అందుకే మొదటిసారి మందిచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు. రెండోసారి కూడా ఒప్పుకుంటాను. మూడోసారి అదే నొప్పితో అదే మనిషి వచ్చినప్పుడు ఆ మూడు నిమిషాలూ గోలీలు మార్చడానికి కాకుండా పొట్ట మీద చెయ్యి వేయడానికి వాడమని అడుగుతున్నాను. వందమందిలో మూడోసారి వచ్చినవాళ్లు పదిమంది ఉంటారేమో. ఆ పదిమందికి సరిపోయే టైం ఉంటుంది.

మన వైపు నుంచి కూడా చేయాల్సింది ఉంది. నేను ఇప్పుడు చీటీ చేతికిచ్చాక కుర్చీలోంచి లేవకుండా అడుగుతాను: "జబ్బు పేరు ఇందులో రాయండి మేడం." గొడవకు కాదు, అది లేకపోతే తర్వాతి డాక్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు కాబట్టి. మన వైద్య రికార్డులు మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళిలోనే ఉంది. భర్త సంగతి కూడా మాట్లాడాలి. గర్భసంచి ఇన్ఫెక్షన్ అని నిజంగా అనుమానం ఉంటే గత రెండు నెలల్లో కలిసిన భర్తకు కూడా పరీక్షో మందో ఇవ్వాలి, లేకపోతే తిరిగి సోకుతుంది. అన్నిసార్లు ఇన్ఫెక్షన్ అన్నవాళ్లు మా ఆయన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. నేనే ధైర్యం చేసి చెబితే మొదట ఆయన ముఖం మాడింది. "నన్ను అనుమానిస్తున్నవా?" అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు తనే చొక్కా వేసుకొని, "పోదాం పా" అన్నాడు. ఆ రెండు రోజుల మౌనానికి భయపడే ఎంతమంది ఆడవాళ్లు ఒంటరిగా గోలీలు మింగుతున్నారో.

ఒక్క విషయంలో మాత్రం ఎవరూ ఆగకూడదు. నొప్పితో పాటు జ్వరం, వాంతులు ఉన్నా, నెల తప్పి ఒక పక్క గట్టిగా నొస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా అది వ్యాసాలు చదివే టైం కాదు. పిల్లల ఆపరేషన్ అయినవాళ్లకు కూడా అరుదుగా గొట్టంలో గర్భం రావచ్చు. 108కి ఫోన్ చేయాలి.

మా వదిన కూతురికి ఇరవై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పులోనే పిల్లల ఆపరేషన్ అయింది. ఆర్నెల్ల సంది పొత్తికడుపు నొప్పి. నాలుగు కోర్సులు వాడింది. పోయిన వారం ఒక చోట "ఇగ గర్భసంచి తీసేస్తే పీడ పోతది" అన్నారట, తేదీ కూడా ఇచ్చారట. వదిన ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దానికి కూడా నా లెక్కనే అయితదా వదినా?" అని అడిగింది.

ఆ తేదీ రద్దు చేయించాం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంగళవారాలు ఆడవాళ్ల కోసమే నడిచేలా 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' అని మొదలుపెట్టారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, పొత్తికడుపు ఇన్ఫెక్షన్లు కూడా అందులో చూస్తారు. వచ్చే మంగళవారం సెలవు పెట్టి మహబూబ్‌నగర్ పోతున్నాను. వదిన, కూతురు అచ్చంపేట నుంచి పొద్దున బస్సుకు వస్తారు. నొప్పి ఎప్పుడొచ్చింది, నెలసరి ఎప్పుడయింది, ఏ మందు ఎన్ని రోజులు వాడింది, అన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాయించాను. కలయిక తర్వాత నొప్పి వస్తుందా అన్న గీత ఎదురుగా చాలాసేపు ఖాళీగా ఉంచి, నిన్న రాత్రి 'వస్తుంది' అని ఫొటో తీసి పంపింది. ఐదు రోజులుగా గోలీలు ఆపించాను. రాత్రి మళ్లీ ఫోన్ చేసి, "అత్తా, డబ్బాలో మొదటి ధార వదిలెయ్యాలి కదా, మర్చిపోతానేమో, బయట నిలబడి గుర్తుచేస్తవా?" అని అడిగింది. తలుపు కూడా నేనే పట్టుకుంటానని చెప్పాను.